ఆశ్రయము ముందు, సమాధానము తరువాత



ఈ ధ్యానానికి మేము తీసుకున్న అంశం ఒక చరిత్ర. భర్త చేతిలో దెబ్బలు తిని, చంటిపిల్లను చంకన వేసుకొని బయటికి వచ్చిన స్త్రీకి ఆ రాత్రి తల దాచుకొనే చోటు ఎవరు ఇచ్చారు, ఎప్పటినుండి ఇచ్చారు అనే చరిత్ర ఇది. మన సంఘాల్లో దీన్ని గురించి ప్రసంగాలు తక్కువ. కాని కోనసీమ పల్లెల్లో సేవ చేసే ఏ దైవసేవకుణ్ణి అడిగినా, ఏ పాస్టరమ్మను అడిగినా, ఈ సంగతి తెలియదని చెప్పరు. దెబ్బలు తిన్న స్త్రీ మొదట పుట్టింటి తలుపు తడుతుంది. అక్కడ చోటు లేకపోతే పెద్దమనుషుల అరుగు దగ్గరికి వస్తుంది. అదీ కాకపోతే మందిరం పక్కనున్న పాక తలుపు తడుతుంది. మూడు చోట్లా ఆమెకు వినబడే మాట చాలాసార్లు ఒక్కటే: "సర్దుకుపో అమ్మా, నీ కాపురం నిలబెట్టుకో."

ఆ మాట చెప్పేవారందరూ చెడ్డవారని మేము అనడం లేదు. కూతురి కాపురం నిలబడాలని కోరని తండ్రి ఎవరు? ఇంటి గుట్టు లంకకు చేటు అని పెరిగినవాళ్ళం మనం. అయితే సమాధానపరచుటకు ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. దాన్ని వాక్యమూ చెబుతోంది, మన గోదావరి చరిత్రా చెబుతోంది, ఇప్పుడు దేశ చట్టమూ చెబుతోంది. ఆ పని ఆశ్రయమివ్వడం.

యొర్దానుకు రెండు గట్లమీద

సంఖ్యాకాండము 35వ అధ్యాయంలోను, యెహోషువ 20వ అధ్యాయంలోను ఆశ్రయపురముల సంగతి చదువుతాము. అవి ఆరు. యొర్దానుకు పడమట కెదెషు, షెకెము, హెబ్రోను. తూర్పున బేసెరు, రామోతు, గోలాను. తెలియక ఒకని చావుకు కారణమైనవాడు, చనిపోయినవాని బంధువులు పగ తీర్చుకోకముందే పరుగెత్తి చేరవలసిన ఊళ్ళు ఇవి. భార్యను కొట్టే భర్త విషయంలో ఇచ్చిన ఆజ్ఞ కాదని మేము ఒప్పుకుంటున్నాము. కాని ప్రాణభయంతో పరుగెత్తేవారి విషయంలో దేవుని పద్ధతి ఏమిటో ఇందులో స్పష్టంగా కనబడుతుంది.

ఆ పద్ధతిలో మూడు సంగతులు చూడండి. మొదటిది, ఏటికి అటు మూడు, ఇటు మూడు పెట్టమన్నాడు. పారిపోయేవాడు నది దాటలేక గట్టుమీద పట్టుబడకూడదు. గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల మధ్య బ్రతికే మనకు దీని విలువ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. చీకటి పడ్డాక పంటు కట్టేసిన రేవులో నిలబడ్డ మనిషికి అవతలి గట్టు ఎంత దూరమో మనకు తెలుసు.

రెండవది, ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయం మూడో వచనంలో ఆ ఊళ్ళకు దారి సిద్ధపరచమన్నాడు. దారులు చీలేచోట్ల "ఆశ్రయము" అని గుర్తులు పెట్టేవారని యూదుల తల్మూదు చెబుతోంది. పరుగెత్తేవాడు ఆగి అడగనక్కర లేకుండా దారి తెలియాలి.

మూడవది మరీ ముఖ్యమైనది. యెహోషువ 20:4 ప్రకారం వచ్చినవాడు ఊరి గవిని దగ్గర నిలిచి తన సంగతి చెప్పుకుంటాడు. పెద్దలు అతన్ని లోపలికి చేర్చుకొని, నివసించడానికి చోటు ఇస్తారు. సమాజము ఎదుట న్యాయవిచారణ ఆ తరువాతే. విచారణ ముగిశాక చోటిద్దామని పెద్దలు అనలేదు. వెంటాడి వచ్చినవాని చేతికి అప్పగించనూ లేదు. ముందు లోపలికి రానివ్వడం, తరువాత నిజానిజాలు తేల్చడం. ఇదే ధర్మశాస్త్రంలో ద్వితీయోపదేశకాండము 23:15, 16 చదవండి. యజమానుని నుండి తప్పించుకొని వచ్చిన దాసుని తిరిగి అప్పగించవద్దని, అతడు కోరుకున్న చోట ఉండనివ్వమని అక్కడ ఆజ్ఞ ఉంది. దాసుని విషయంలోనే దేవుడు ఇంత చెప్పాడు. మన ఇంటి ఆడబిడ్డల విషయంలో ఇంతకంటె తక్కువ చేయగలమా?

రాజమండ్రిలో ఒక ఇల్లు

ఇప్పుడు మన గోదావరి గట్టుకు వద్దాము. ఈ దేశంలో వితంతువు తిరిగి పెండ్లి చేసుకోవచ్చని చట్టం వచ్చింది 1856లో. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఈ మధ్య 25 సంవత్సరాలు చట్టం కాగితం మీద ఉంది, పల్లెలో ఎవరి బ్రతుకూ మారలేదు. ఎందుకు? చట్టం అనుమతి ఇచ్చింది గాని, ఇల్లు ఇవ్వలేదు. పెండ్లికి ఒప్పుకున్న వితంతువును పుట్టినింటివారు ఉండనివ్వరు. పెండ్లి చేసుకున్న జంటకు ఊళ్ళో అద్దెకు ఇల్లు దొరకదు, బావిలో నీళ్ళు దొరకవు, పిలుపులు ఉండవు.

ఆ లోటు తీర్చింది ఒక గృహిణి. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. వెలివేస్తారని భయపడి వంటవారు, నీళ్ళు మోసేవారు ఆ ఇంటికి రావడం మానేస్తే, ఆమె స్వయంగా గోదావరి నుండి నీళ్ళు మోసుకొచ్చి, వచ్చినవారందరికీ వండి పెట్టారు. దిక్కులేక వచ్చిన ఆడపిల్లలను తన ఇంట్లోనే ఉంచుకొని కన్నతల్లిలా చూశారు. సంస్కర్తగా పంతులుగారి పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ సంస్కరణ ఒక్క రాత్రి కూడా ఆగకుండా నడిచింది మాత్రం ఆమె వంటింటి మీద. తరువాత 1906లో పంతులుగారు హితకారిణీ సమాజము స్థాపించి తన ఆస్తిని దానికి ధారపోశారు. వితంతు శరణాలయం, బడి దాని కింద నడిచాయి.

ఆ కాలంలోనే పడమటి దేశంలో పండిత రమాబాయి ఇటువంటి పనే మొదలుపెట్టారు. ఆమె సంస్కృత పండితురాలు, చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకున్న స్త్రీ. 1883లో ఇంగ్లాండులో బాప్తిస్మము పొందారు. 1889లో బొంబాయిలో శారదా సదనం తెరిచారు. తరువాత పూనా దగ్గర కేడ్గావ్‌లో ముక్తి మిషన్ కట్టి, కరవు కాలంలో దిక్కులేని ఆడవాళ్ళను, పిల్లలను అక్కడ చేర్చుకున్నారు. వారికి అన్నం పెట్టి ఊరుకోలేదు. నేత, అచ్చుపని, వ్యవసాయం నేర్పారు. రేపు ఆమె ఎలా బ్రతుకుతుందో ఆలోచించని ఆశ్రయం సగం ఆశ్రయమే అని రమాబాయికి తెలుసు.

తెలుగు నేలమీద మన మిషనులు కూడా ఒక దారి తెరిచాయి. బైబిలు స్త్రీలు అని మన అమ్మమ్మల కాలంలో పిలిచేవారు కదా, వారిలో వితంతువులు చాలామంది. చదువు నేర్చుకొని, ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పి, కొద్దిపాటి జీతంతో తమ కాళ్ళమీద తాము నిలబడ్డారు. మగదిక్కు లేని స్త్రీ గౌరవంగా బ్రతకవచ్చునని పల్లె కళ్ళారా చూసిన మొదటి సాక్ష్యాలలో వారొకరు.

భర్త బ్రతికియున్న స్త్రీకి

ఇంతవరకు బాగానే ఉంది. కాని చరిత్రలో ఒక ఖాళీ ఉంది, దాన్ని గమనించాలి. పైన చెప్పిన ఇళ్ళ తలుపులు ముఖ్యంగా వితంతువులకు, అనాథలకు తెరుచుకున్నాయి. భర్త బ్రతికి ఉండి, చేయి చేసుకుంటుంటే ఆ స్త్రీ ఎక్కడికి పోవాలి? "నీకు ఇల్లుంది కదా" అనేది లోకం. ఉన్న ఇల్లే ఆమెకు ప్రమాదమని చెప్పుకోవడానికి ఆ రోజుల్లో మాట కూడా సరిగా లేదు.

న్యాయస్థానాల తీరూ అంతే. బొంబాయిలో రఖ్మాబాయి అనే ఆమెకు పదకొండేళ్ళకే పెండ్లి చేశారు. పెద్దయ్యాక ఆమె అతనితో కాపురానికి వెళ్ళనంది. భర్త కోర్టుకెక్కాడు. 1887లో కోర్టు, భర్త దగ్గరికి వెళ్ళు, లేదా ఆరు నెలలు జైలుకు వెళ్ళు అని తీర్పు ఇచ్చింది. జైలుకే వెళ్తానని ఆమె చెప్పింది. చివరికి 1888లో డబ్బు ఇచ్చి రాజీ చేసుకున్నారు. ఆమె లండన్ వెళ్ళి వైద్యం చదివి డాక్టరయ్యారు. ఆమె మీద దెబ్బలు పడ్డాయని మేము చెప్పడం లేదు. పెండ్లయిన స్త్రీకి భర్త ఇల్లు తప్ప వేరే చోటు చట్టం దృష్టిలో లేదని చూపడానికే ఈ మాట చెప్పాము.

మరి క్రైస్తవులమైన మన సంగతి? ఇక్కడ మన విశ్వాసులకు చాలామందికి తెలియని ఒక విషయం చెప్పాలి. క్రైస్తవులకు వర్తించే విడాకుల చట్టం 1869లో వచ్చింది. దాని ప్రకారం భార్య వ్యభిచరించిందని రుజువు చేస్తే చాలు, భర్తకు విడాకులు దొరికేవి. భార్యకు అలా కాదు. భర్త ఎంత క్రూరంగా హింసించినా ఆ హింస ఒక్కటే చాలదు. దానితోపాటు వ్యభిచారం కూడా రుజువు చేయాలి. లేకపోతే విడిగా ఉండడానికి మాత్రమే కోర్టు ఒప్పుకుంటుంది. హిందూ స్త్రీకి 1976 సవరణతో క్రూరత్వం విడాకులకు ఆధారమైంది. క్రైస్తవ స్త్రీకి అది 2001లో వచ్చింది. 1869 నుండి 2001 వరకు, అంటే 132 సంవత్సరాలు, బాప్తిస్మము పొందిన భార్య వీపు మీది దెబ్బలు ఆమె వివాహ చట్టంలో చాలినంత సాక్ష్యం కాలేదు.

విడాకులను ప్రోత్సహించడానికి మేము ఈ మాట రాయడం లేదు. వివాహము దేవుడు జతపరచినదని నమ్మేవాళ్ళము. అయితే ఆ నమ్మికను అడ్డం పెట్టుకొని, దెబ్బలు తినేవారి బాధను తక్కువ తూకం వేసే అలవాటు ఎంత కాలం నడిచిందో మన సంఘాలు తెలుసుకోవాలి. మలాకీ రెండవ అధ్యాయంలో పరిత్యాగము దేవునికి అసహ్యమన్న మాటను మనం తరచు చదువుతాము. అదే వచనంలో బలాత్కారము కూడా ఆయనకు అసహ్యమని ఉంది. సగం వచనం చదివి ఆపరాదు.

దుర్గాబాయి నుండి 2005 వరకు

రాజమండ్రిలోనే 1909లో దుర్గాబాయి పుట్టారు. ఎనిమిదేళ్ళకు పెండ్లి చేశారు. పెరిగి పెద్దయ్యాక ఆ కాపురం తనకు వద్దని ఆమె నిర్ణయించుకుంటే, పుట్టింటివారు ఆమెను బలవంతంగా పంపలేదు, అండగా నిలిచారు. అలా పుట్టింటి తలుపు తెరిచి ఉన్నందువల్ల ఈ దేశానికి ఏమి దొరికిందో చూడండి. ఆమె స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్ళారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను ఆరంభించారు. రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953లో ఏర్పడిన కేంద్ర సంఘ సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షకు సిద్ధమయ్యే తరగతులను ఆ బోర్డు 1958లో దేశమంతటా మొదలుపెట్టింది. ఇంటినుండి బయటికి వచ్చిన స్త్రీకి చదువు, పని లేకపోతే ఆమె తిరిగి అదే గడపకు వెళ్ళవలసి వస్తుందని దుర్గాబాయికి బాగా తెలుసు.

కుటుంబ కలహాలలో చిక్కుకున్న స్త్రీలు కొంతకాలం ఉండడానికి భారత ప్రభుత్వం 1969లో తాత్కాలిక వసతి గృహాల పథకం తెచ్చింది. లండన్‌లో దెబ్బలు తిన్న స్త్రీలకోసం చిజ్విక్ అనే చోట పేరుపొందిన ఆశ్రయం తెరుచుకున్నది 1971లో. ఇదంతా పడమటి దేశాల పద్ధతి, మన సంస్కృతి కాదు అనేవారికి ఈ రెండు సంవత్సరాలు గుర్తు చేయండి.

1983లో భార్యపట్ల క్రూరత్వాన్ని నేరంగా చేస్తూ శిక్షాస్మృతిలో 498ఎ సెక్షను చేర్చారు. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణానికి ఎదురుతిరిగారు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధమైంది. ఆ ఉద్యమాన్ని తాగుడు మీద పోరాటంగా చరిత్ర గుర్తుపెట్టుకుంది. ఆ స్త్రీలు చెప్పుకున్న కష్టంలో కూలిడబ్బు సంగతి ఎంత ఉందో, రాత్రి పడే దెబ్బల సంగతీ అంతే ఉంది.

ఈ చట్టాలన్నీ భర్తను శిక్షించే దారి చూపాయి. ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకోవాలి అనే ప్రశ్న అలాగే ఉండిపోయింది. దానికి సమాధానంగా వచ్చింది గృహహింస నుండి మహిళలకు రక్షణ చట్టం, 2005. అమలులోకి వచ్చింది 2006 అక్టోబరు 26న. ఇది ఏ మతానికి చెందిన స్త్రీకైనా ఒక్కటే. కొట్టడం మాత్రమే హింస కాదని, తిట్టి అవమానించడం, లైంగికంగా బాధించడం, ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకుండా, ఆమె నగలు, సంపాదన లాక్కోవడం కూడా హింసేనని ఈ చట్టం చెబుతుంది. మన కోనసీమలో కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళి ఇంటిపని చేసి, ప్రతి నెలా డబ్బు పంపిన తల్లులు ఎందరో ఉన్నారు. తిరిగి వచ్చాక తాను పంపిన డబ్బుతో కట్టిన ఇంట్లోనే తనకు మాట లేకపోతే, అదీ ఈ చట్టం కిందికి వస్తుంది.

ఈ చట్టంలో రెండు మాటలు ప్రతి సంఘపెద్దా తెలుసుకోవాలి. ఒకటి, 17వ సెక్షను. భార్యాభర్తలు కలిసి కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే. అత్తమామల పేరున ఉన్న ఇంటికి కూడా ఈ హక్కు వర్తించవచ్చునని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. "ఈ ఇల్లు నాది, బయటికి పో" అన్న మాట ఇకమీదట చట్టం ముందు నిలవదు. అవసరమైతే మేజిస్ట్రేటు అతన్నే ఇంటినుండి బయటికి పంపవచ్చు.

రెండు, ఆశ్రయగృహము సంగతి. 6వ సెక్షను ప్రకారం ఆమె అడిగితే ఆశ్రయగృహం చోటు ఇచ్చి తీరాలి. ముందు ఫిర్యాదు నమోదు చేయించుకొని రా, అప్పుడు చూద్దాం అనడానికి వీల్లేదని నియమాలలో రాసి ఉంది. ఆమె కోరితే, ఆమె అక్కడున్న సంగతి ఎదుటిపక్షానికి తెలియనివ్వరాదు. ఇది చదివినప్పుడు మాకు యెహోషువ 20వ అధ్యాయమే గుర్తుకు వచ్చింది. ముందు లోపలికి చేర్చుకోండి, చోటు ఇవ్వండి, అప్పగించకండి. విచారణ తరువాత.

2015 ఏప్రిల్ నుండి సఖి వన్ స్టాప్ సెంటర్లు వచ్చాయి. వైద్యం, పోలీసు సహాయం, న్యాయసలహా, కౌన్సెలింగు, తాత్కాలిక వసతి ఒకే చోట దొరకాలన్నది ఉద్దేశం. అక్కడ అయిదు రోజుల వరకు ఉండవచ్చు. అంతకు మించి అవసరమైతే స్వాధార్ గృహాలకు పంపేవారు. గృహహింసకు గురైనవారు అక్కడ ఏడాది వరకు ఉండే వీలుండేది. 2022లో వీటిని శక్తి సదన్ అనే పేరుతో కలిపారు. అదే సంవత్సరం ఏప్రిల్ 4న మన కోనసీమ అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయింది. అంతకుముందు అంతర్వేదిలో ఉన్న స్త్రీ జిల్లా అధికారిని కలవాలంటే కాకినాడ వెళ్ళాలి. ఇప్పుడు మన జిల్లా డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు మోస్తోంది. స్త్రీలకు ఆస్తిలో, వివాహంలో హక్కులిచ్చే హిందూ కోడ్ బిల్లు నిలిచిపోతే, 1951లో న్యాయశాఖ మంత్రి పదవిని వదులుకున్నవాడాయన. ఆ పేరున్న జిల్లాలో ఒక స్త్రీ చోటులేక రాత్రి కాలువ గట్టున నిలబడితే అది మనందరికీ నింద.

తండ్రి ఇంట విందు

ఇన్ని ఉన్నా ఆమె రావడం లేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెండ్లయిన స్త్రీలలో పదిమందికి సుమారు ముగ్గురు భర్త చేతిలో హింస అనుభవించారు. దేశం మొత్తంమీద శారీరకంగానో లైంగికంగానో హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతమే. మన మందిరంలో చాపలమీద కూర్చున్న తల్లులను లెక్కపెట్టి చూడండి. మాట్లాడనివారు ఎందరో మీకే అర్థమవుతుంది.

ఎందుకు రావడం లేదు? న్యాయాధిపతులు 19వ అధ్యాయం చదవండి. చదవడానికి కష్టమైన అధ్యాయం. ఒక లేవీయుని ఉపపత్ని అతన్ని విడిచి బేత్లెహేములోని తండ్రి ఇంటికి వచ్చి నాలుగు నెలలు ఉంది. ఎందుకు వచ్చిందన్నచోట ప్రాచీన ప్రతులు ఏకీభవించవు. హెబ్రీ ప్రతి ఆమె తప్పు చేసిందంటుంది, కొన్ని గ్రీకు ప్రతులు ఆమె అతనిమీద కోపగించిందంటాయి. అతడు ఆమెను తీసుకుపోవడానికి వచ్చాడు. తండ్రి సంతోషించాడు. అల్లునికి రోజుల తరబడి విందు చేశాడు. ఆ విందులో మాట్లాడినవారు మామ, అల్లుడు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అధ్యాయం మొత్తంలో ఆమె పలికిన మాట ఒక్కటీ లేదు. అయిదో రోజు ఆమెను పంపించారు. గిబియాలో ఆమెకు జరిగింది మీకు తెలుసు. ప్రమాదం వచ్చినప్పుడు ఆమెను బయటికి నెట్టింది ఆ భర్తే. తెల్లవారేసరికి ఆమె చేతులు గడపమీద ఉన్నాయి, తలుపు మూసి ఉంది.

మన పెద్దమనుషుల పంచాయితీలను ఈ వాక్యం ఎదుట పెట్టి చూడాలి. అల్లుడు వస్తాడు. మర్యాద చేస్తారు. తాగుడు మానేస్తానని ఒక మాట అంటాడు, ఒక కాగితం రాస్తారు. ఆమె లోపల గదిలో ఉంటుంది. సాయంత్రానికి ఆటో ఎక్కిస్తారు. దానిని సమాధానపడటం అంటారు. ఆమె నోరు తెరవని చోట జరిగినది సమాధానం ఎలా అవుతుంది? సమాధానమునకు ఇద్దరు కావాలి, ఇద్దరికీ భయం లేని చోటు కావాలి.

హాగరును దూత తిరిగి శారయి దగ్గరికి వెళ్ళమన్నాడు కదా అని కొందరు అడుగుతారు. ఆదికాండము 16వ అధ్యాయంలో అది ఉన్నది నిజమే. కాని ఆ దూత ముందు ఆమెను పేరు పెట్టి పిలిచి, ఎక్కడనుండి వచ్చావు, ఎక్కడికి పోతున్నావు అని అడిగాడు. అబ్రాము ఇంట్లో ఆమెను ఆ మాట అడిగినవారు ఒక్కరూ లేరు. 21వ అధ్యాయంలో ఆమె మళ్ళీ అరణ్యంలో ఉన్నప్పుడు దేవుడు ఆమెను తిరిగి పంపలేదు, నీళ్ళ బావి చూపించాడు. ఒక అధ్యాయం పట్టుకొని ప్రతి స్త్రీనీ వెనక్కి పంపేవారు రెండో అధ్యాయం కూడా చదవాలి. ఇక పురుషులకు 1 పేతురు 3:7 చాలు. భార్యను సన్మానించని భర్త ప్రార్థనలకు అడ్డంకి కలుగుతుందని అపొస్తలుడు హెచ్చరించాడు. ముందు వరుసలో కూర్చొని ఆమేన్ అనేవాని చేతులు ఇంట్లో ఏమి చేస్తున్నాయో దేవుడు చూస్తున్నాడు.

సంఘము చేయదగినది

ఇది చదివి కన్నీళ్ళు పెట్టుకొని ఊరుకోవద్దు. చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

ఆమె వచ్చిన రాత్రి మొదటి ప్రశ్న "నువ్వేమి అన్నావు, అతను ఎందుకు కొట్టాడు" అని కాకూడదు. "ఈ రాత్రి నీకు, పిల్లలకు క్షేమమైన చోటు ఉందా?" అన్నది మొదటి ప్రశ్న కావాలి. గాయముంటే ముందు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, చీటీ భద్రపరచాలి. మగ దైవసేవకుడు ఒంటరిగా మాట్లాడక, పాస్టరమ్మగారో, సంఘంలో పెద్దవయసు తల్లి ఒకరో ఆమె పక్కన కూర్చోవాలి.

181 మహిళల సహాయ సంఖ్య. అత్యవసరమైతే 112. ఉచిత న్యాయసహాయానికి 15100. ఆదాయం ఎంత ఉన్నా స్త్రీకి న్యాయసహాయం ఉచితమే. ఈ మూడు సంఖ్యలూ మందిరం గోడమీద, ఆరాధన వేళల పక్కన రాయించండి. స్త్రీల కూడికలో చదివి వినిపించండి. పూర్వం దారి చీలేచోట పెట్టిన గుర్తులాంటివి అవి.

హింస జరుగుతోందని నమ్మకమైన కారణముంటే ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చు. మన రాష్ట్రంలో జిల్లా స్త్రీ, శిశు సంక్షేమ శాఖ అధికారులకు ఆ బాధ్యత ఉంది. మంచి మనసుతో సమాచారమిచ్చినవారిమీద కేసు పెట్టడానికి వీలులేదని 4వ సెక్షను చెబుతుంది. కాబట్టి "మనకెందుకు ఈ గొడవ" అన్న మాటకు చట్టంలో చోటు లేదు, వాక్యంలో అసలే లేదు.

ఆమె ఎక్కడున్నదీ ఎవరికీ చెప్పవద్దు. సంఘం వాట్సాప్ గుంపులో ప్రార్థన అంశంగా ఆమె పేరు పెట్టవద్దు. ఆమె ఆధారు కార్డు, పిల్లల బడి కాగితాలు, బ్యాంకు పుస్తకం జాగ్రత్తగా ఉంచడానికి సహాయం చేయండి. వసతి గృహాల్లో మగపిల్లలకు వయసు పరిమితి ఉంటుంది. కొడుకును విడిచి రాలేక ఆగిపోయే తల్లులు ఉంటారు. ఆ పిల్లవాణ్ణి కొంతకాలం చూసుకోగల కుటుంబం ఒకటి సంఘంలో ఉంటే, అదీ ఆశ్రయమే. ఒక కుట్టుమిషను, మూడు నెలల బియ్యం, ఒక గది అద్దె: కానుకల పెట్టెలో నుండి ఇవ్వలేనివి కావు. రాజ్యలక్ష్మమ్మగారు నీళ్ళబిందెతో మొదలుపెట్టారు, పెద్ద నిధితో కాదు.

ఇవన్నీ జరిగాక, ఆమె క్షేమంగా ఉండి, తనంతట తాను కోరితే, అతడు నిజంగా మారుమనస్సు పొంది కొంతకాలం ఆ ఫలము చూపిస్తే, అప్పుడు సమాధానపు మాట ఎత్తవచ్చు. అప్పుడు జరిగేది నిజమైన సమాధానం. ఆమె వద్దంటే, ఆ మాటను గౌరవించాలి. ఆమె కాపురం విడిచింది గాని సంఘాన్ని విడువలేదు. ఆమెకు బల్ల దగ్గర చోటు, పాటలో గొంతు, పరిచర్యలో వంతు ఎప్పటిలాగే ఉండాలి.

1856 చట్టం ఒక ఇంటికోసం 25 ఏళ్ళు ఎదురుచూసింది. 2005 చట్టం కూడా మన ఊళ్ళలో తలుపులు తెరిచేవారికోసం ఎదురుచూస్తోంది. యొర్దానుకు రెండు గట్లమీదా చోటు ఏర్పాటు చేసిన దేవుడు గౌతమికి, వసిష్ఠకు రెండు గట్లమీదా తన సంఘాలను ఉంచాడు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, ఈ రాత్రి భయముతో మేలుకొనియున్న ప్రతి తల్లిని, ఆమె పిల్లలను నీ రెక్కల చాటున దాచుము. కొట్టు చేతులను ఆపుము, కఠిన హృదయములను విరుగగొట్టుము. మా మందిరముల తలుపులు, మా ఇండ్ల తలుపులు ఆమెకు మూయబడకుండునట్లు మాకు ధైర్యమును, జ్ఞానమును అనుగ్రహించుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.